నర్సీపట్నాన్ని అద్దంలో చూస్తే ఎక్కడ కనిపిస్తుంది?

ఈ రోజు టాపిక్ నిరూపక తలంలో ప్రతిబింబం. అదేనండీ, గ్రాఫ్ మీద రిఫ్లెక్షన్.

చాలామంది దీన్ని బట్టీ పట్టేస్తారు. "ఎక్స్ అక్షం అయితే వై గుర్తు మారుతుంది, వై అక్షం అయితే ఎక్స్ గుర్తు మారుతుంది" అని. పరీక్ష హాల్లోకి వెళ్లగానే ఏది ఏదో తారుమారు! అందుకే నేను బట్టీ వద్దంటాను. ఫోన్ చేతిలోనే ఉందిగా, గూగుల్ మ్యాప్స్ తెరవండి.

మన నర్సీపట్నం సుమారు 17.67 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82.61 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ప్రపంచ పటాన్ని గ్రాఫ్ కాగితం అనుకుందాం. భూమధ్యరేఖ ఎక్స్ అక్షం, గ్రీనిచ్ రేఖ వై అక్షం. అప్పుడు మన ఊరు (82.61, 17.67) అనే బిందువు. రెండూ ధన సంఖ్యలే కాబట్టి మొదటి పాదంలో ఉన్నాం.

ఇప్పుడు భూమధ్యరేఖ మీద అద్దం పెట్టండి. మన ఊరు అద్దానికి పైన 17.67 డిగ్రీల దూరంలో ఉంది. ప్రతిబింబం కింద సరిగ్గా అంతే దూరంలో ఉంటుంది. తూర్పుకో పడమరకో జరగదు. అంటే (82.61, −17.67). అక్కడ ఊరేం లేదు, హిందూ మహాసముద్రం!

అద్దం ఎక్స్ అక్షం కదా, మరి వై ఎందుకు మారింది? ఆ అద్దం నుంచి మనం ఎంత దూరంలో ఉన్నామో చెప్పేది వై కాబట్టి. అసలు కిటుకు ఇదే.

గ్రీనిచ్ రేఖ మీద అద్దం పెడితే (−82.61, 17.67), కరీబియన్ సముద్రం. ఒకదాని తర్వాత ఒకటి రెండు అద్దాలూ వాడితే (−82.61, −17.67). పెరూ తీరానికి పడమరగా పసిఫిక్ మహాసముద్రంలో తేలతాం. అది మూడో పాదం.

ఒక్క జాగ్రత్త. మ్యాప్స్‌లో అక్షాంశం ముందు, అంటే వై ముందు కొట్టాలి. గ్రాఫ్‌లో మాత్రం ఎక్స్ ముందు. పొరపాటున 82.61, 17.67 అని కొడితే స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ మహాసముద్రంలో పడతారు. తమాషా ఏంటంటే, ఇదీ ప్రతిబింబమే. ఇక్కడ అద్దం వై = ఎక్స్ అనే ఏటవాలు గీత.

మరి అద్దం అక్షం మీద లేకపోతే? ఎక్స్ = 3 అనే నిలువు గీత అద్దం, బిందువు (5, 2) అనుకోండి. గుర్తు మారుతుందని బట్టీ పట్టినవాళ్లు (−5, 2) అని రాసేస్తారు. మార్కు పోయినట్టే. దూరం చూడండి. బిందువు అద్దానికి కుడివైపు 2 యూనిట్లలో ఉంది. ఎడమవైపు కూడా 2 యూనిట్లు వెళ్లండి. జవాబు (1, 2). గుర్తు మారనే లేదు!

కాబట్టి లెక్క చూడగానే రెండే ప్రశ్నలు వేసుకోండి. అద్దం ఎక్కడుంది? దానికి నేను ఎంత దూరంలో ఉన్నాను?

మీకో లెక్క. వై = 3 అద్దంలో (4, 1) ప్రతిబింబం ఎక్కడ? ముందు గ్రాఫ్ గీసి, తర్వాత కామెంట్‌లో పెట్టండి. మళ్లీ కలుద్దాం.