ఎలుక నుండి మనిషి దాక



నేడు పట్టభద్రులగుచున్న మిమ్ము పత్తియు మిరపయు పండించి చదివించిన తల్లిదండ్రుల యెదుట, ఈ వీరులపాటిలో, ఊపిరితిత్తుల క్యాన్సరును గూర్చి పలుకుట శుభవేళకు తగదని కొందరు తలంపవచ్చును. కాని చుట్టయు బీడియు విడువని పెద్దలున్న మన పల్లెలలో ఆ ప్రసంగము దాటవేయదగినది కాదు.

మన కృష్ణామండలమందలి మంటాడలో జన్మించిన నోరి దత్తాత్రేయుడుగారు, కర్నూలులో వైద్యవిద్య నభ్యసించి, న్యూయార్కునందలి మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ సంస్థలో పనిచేసి, రేడియోధార్మిక పదార్థమును కణితి చెంతనే నిలిపి చికిత్స సేయు బ్రాకీథెరపీయందు ప్రసిద్ధి గాంచిరి. అయితే సూదియు గొట్టమును చేరగల చోటికే ఆ విధానము పరిమితము. దేహమంతట చెదరిపోయిన కణములను వెదకికొని పోవు వాహకము వేరొకటి కావలసియుండెను. 1975లో కేంబ్రిడ్జియందు కోలర్, మిల్‌స్టీన్ అనువారు ఒకే లక్ష్యమును పట్టు ప్రతిరక్షకములను కోరినంత ఉత్పత్తి చేయు మార్గమును కనుగొనగా, ఆ వాహకము లభించెను. దత్తాత్రేయుడుగారు పనిచేసిన ఆ సంస్థనుండియే 2022లో వెలువడిన పరిశోధనలో, చిన్నకణ ఊపిరితిత్తుల క్యాన్సరు కణములపై నుండు డీఎల్‌ఎల్3 అను ప్రోటీనును గుర్తించు ప్రతిరక్షకమునకు రేడియోధార్మిక లుటీషియం-177ను సంధించి, మానవ కణితులు నాటిన ఎలుకల కీయగా, ఆ కణితులు కృశించెను.

ఇంతటితో పొంగిపోవలదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలవారు 1990వ దశకమున, 46 నిమిషములలో సగము క్షయించు బిస్మత్-213ను, ఊపిరితిత్తుల రక్తనాళములను పట్టు ప్రతిరక్షకముతో ఎలుకలకు పంపిరి. అచట నాటుకొన్న సూక్ష్మకణితులు నశించెను గాని, బ్రతికిన ఎలుకలలో పిదప ఆ కిరణముల వలననే ఊపిరితిత్తులు గట్టిపడి, అవి మరణించెను. విజయముతోపాటు ఈ మరణమును గూడ దాచక ప్రకటించిన ఆ పరిశోధకులకు నేను చేతులెత్తి నమస్కరించుచున్నాను. ఎలుక కోలుకొన్నదన్న పత్రికావార్తను చూపి, మందు వచ్చెనా యని మీ యూరివారు ఆశతో నడిగినప్పుడు, ఈ రెండవ భాగమును గూడ చెప్పవలసినవారు మీరే.

ఇంకొక చిక్కు గలదు: ప్రతిరక్షకము పెద్ద అణువు. రేడియోధార్మిక పదార్థమును మోయుచు దినములతరబడి రక్తములో తిరిగి ఎముకల మూలుగను దెబ్బతీయును. గట్టి కణితి లోతునకు చొరజాలదు. 2002లో అమెరికాలో అనుమతి పొందిన ఇట్టి తొలి ఔషధము లింఫోమా యను రక్తసంబంధమైన క్యాన్సరునకే గాని ఘనకణితులకు గాకపోవుటకు ఇది యొక కారణము. అందుచేత, ముందుగా వట్టి ప్రతిరక్షకమును పంపి, అది కణితిని చేరి రక్తము తేటపడిన పిమ్మట, దానిని వెదకి పట్టుకొను చిన్న రేడియోధార్మిక అణువును పంపు ద్విదశాపద్ధతిని నేడు శోధించుచున్నారు. దానికి రసాయనము చదివినవారు కావలయును, భౌతికము చదివినవారు కావలయును, ఎలుకను కనికరముతో సాకగల పశువైద్యులును కావలయును. మీలో ఆ కోరిక గలవారు నేటి సాయంకాలమే మీ అధ్యాపకులను కలిసికొని మాటలాడుడు.