పిల్లలతో కూర్చుని చూడవచ్చునా?



ఈ సాయంత్రం వంశీ గారి ‘లేడీస్ టైలర్’ వేయమని కొందరు కోరారు. మేమూ దానికి పడిపడి నవ్వినవాళ్ళమే. కాని తొడ మీద పుట్టుమచ్చ ఉన్న స్త్రీ కోసం దర్జీ సుందరం సాగించే వెతుకులాటే ఆ కథ. “మన పిల్లలకు తెలుగు రాదుగా, ఏం బోధపడుతుంది?” అన్నారొక పెద్దాయన. బోధపడకపోతే చూపించడం దేనికి? పైగా ఇప్పుడు తెర అడుగున ఇంగ్లీషు మాటలు పడుతున్నాయి. మనకన్నా ముందే చదివేస్తారు!

ఇక్కడ 1984లో 13 ఏళ్ళ హద్దు పెట్టారు. మన సెన్సారు వారు 2024లో 7, 13, 16 అని విడదీశారు. దానితో సగమే తేలుతుంది. పక్కనున్న పిల్ల “అమ్మా, ఎందుకు నవ్వావు?” అంటే జవాబు చెప్పగలమా అన్నది మనమే తేల్చుకోవాలి. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో వేలాడగట్టిన కోడిని చూస్తూ ఉత్త అన్నం తినే కోట శ్రీనివాసరావు గారి పిసినారితనానికి ఆ బెంగ లేదు.

అందుచేత ఆరింటికి అది. పిల్లలు పడుకున్నాక సుందరం. మధ్యలో పులిహోర.