రోగుల లెక్క కూడా అమానతే

సర్వస్తోత్రాలూ మనల్ని పుట్టించి, ఆకలిగొన్నప్పుడు అన్నాన్ని, జబ్బుపడినప్పుడు స్వస్థతను ప్రసాదించే అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపైనా, వారి కుటుంబంపైనా, సహచరులపైనా శాంతీ శుభాలూ వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మింబరుపై నుంచి సాధారణంగా వినబడని ఒక విషయాన్ని నేడు మీ ముందు ఉంచదలచాను. విందు భోజనం తిని జబ్బుపడినవారిని లెక్కించడం, ఆ లెక్కను చెప్పవలసినవారికి చెప్పడం. ఇది వైద్యుల పని కదా, దీనితో జుమా ప్రసంగానికేమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. ఒకప్పుడు నాకూ అలాగే అనిపించింది. అందుకే ముందుగా నా తప్పునే చెప్పుకుంటాను.

కొన్నేళ్ళ క్రితం నేను వేరొక ఊరిలో ఖతీబుగా ఉండగా అక్కడ ఒక వలీమా విందు జరిగింది. భోజనాలు మధ్యాహ్నం ముగిశాయి. సాయంత్రానికే కొందరికి వాంతులు పట్టుకున్నాయి. తెల్లవారేసరికి మరికొందరు మంచాన పడ్డారు. పెళ్ళికొడుకు తండ్రి నా వద్దకు వచ్చి, “మౌలానా! ఈ మాట బయటకు పొక్కితే మా ఇజ్జత్ మిగలదు. ఆ బావర్చి కూడా పేదవాడు, వాడి పొట్ట కొట్టినట్టవుతుంది. మీరే నలుగురికీ నచ్చజెప్పాలి” అన్నారు. నేను సరేనన్నాను. సాటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచేవాని లోపాలను అల్లాహ్ కప్పి ఉంచుతాడన్న ప్రవక్త బోధను గుర్తుచేసి ధైర్యం కూడా చెప్పాను.

జబ్బుపడినవారు తలోదారి పట్టారు. ఒకరు వీధి చివరి ఆర్ఎంపీ వద్దకు, ఒకరు పట్నంలోని నర్సింగ్‌హోముకు, ఒకరు మందుల దుకాణానికి వెళ్ళారు. ఒక్కొక్క వైద్యునికి ఒక్కరిద్దరే కనబడ్డారు గనుక ఇదంతా ఒకే చోట పుట్టిన జబ్బని ఎవరికీ తట్టలేదు. ఇంటింటికీ వచ్చిన ఆశా కార్యకర్తను “ఏమీ లేదమ్మా, ఎండదెబ్బ” అని పంపివేశారు. మిగిలిన వంటకాలను గోతిలో పూడ్చారు. పది రోజుల తర్వాత అదే వంట బృందం మరొక ఇంట అఖీఖా విందుకు వండింది. అక్కడ తిన్నవారిలో ఒక వృద్ధురాలు వారం రోజులు విరేచనాలతో బాధపడి కన్నుమూశారు. అల్లాహ్ ఆమెను మన్నించుగాక! ఆ రెండు విందులకూ సంబంధం ఉన్నదో లేదో నేటికీ నాకు తెలియదు. అది ఎవరికీ తెలియకుండా పోవడానికి కారకులైనవారిలో నేనొకణ్ణి.

నేను ఆ బోధను తప్పుచోట వాడుకున్నాను. ఒక మనిషి తన ఇంట, తనకూ తన ప్రభువుకూ మధ్య చేసిన పొరపాటును కప్పి ఉంచడం వేరు. పదిమంది కడుపులోకి పోయే ప్రమాదాన్ని కప్పి ఉంచడం వేరు. పరోక్షనింద ఎంత ఘోరమో మనకు తెలుసు. అయినా ఏయే సందర్భాలలో ఇతరుల లోపాన్ని వెల్లడించవచ్చునో ధర్మవేత్తలు వివరించారు. ఇమామ్ నవవీ (రహ్మ) అటువంటి సందర్భాలు ఆరింటిని పేర్కొన్నారు. ప్రజలను కీడు నుంచి హెచ్చరించడం అందులో ఒకటి. సాక్ష్యాన్ని దాచడం హృదయానికి అంటిన పాపమని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది. అప్పులూ ఆస్తుల తగాదాలలోనే సాక్ష్యం ఉంటుందని మనం అనుకుంటాము. నేను ఏమి తిన్నాను, ఎన్ని గంటలకు జబ్బుపడ్డాను అని చెప్పడం కూడా సాక్ష్యమే.

దైవప్రవక్త (స) జీవితంలోని రెండు సంఘటనలను జ్ఞాపకం చేసుకోండి. ఒకసారి వారు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసినందుకు వారు అతణ్ణి తప్పుపట్టలేదు. తడిసినదాన్ని అందరికీ కనబడేట్టు పైన ఎందుకు ఉంచలేదని నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడన్నారు. రెండవది ఖైబర్‌లో జరిగింది. విషం కలిపిన మాంసం వారి ముందుకు వచ్చింది. నోట పెట్టగానే విషయం గ్రహించి, చేతులు వెనక్కి తీసుకొమ్మని తోటివారిని హెచ్చరించారు. అప్పటికే మింగిన హజ్రత్ బిష్ర్ బిన్ బరా (రజి) ఆ విషానికి బలయ్యారు. ముందు హెచ్చరిక, ఆ తర్వాత విచారణ. ఆ క్రమాన్ని గమనించండి. విందు ఇచ్చినవారి పరువు ప్రసక్తి అందులో ఎక్కడా లేదు.

ఇక ఈ లెక్క ఎలా సాగుతుందో చెబుతాను. మన దేశంలో 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. ఆరోగ్య కార్యకర్త లక్షణాలను బట్టి, వైద్యుడు తన పరీక్షను బట్టి, ప్రయోగశాల తన ఫలితాన్ని బట్టి వేర్వేరు పత్రాలలో సమాచారం పంపాలి. ఒకప్పుడు అది వారానికొకసారి కాగితాల మీద సాగేది. ఇప్పుడు కంప్యూటరులోకి మారింది. ఒకే ఊరి నుంచి ఒక్కసారిగా విరేచనాల కేసులు పెరిగితే జిల్లా నిఘా అధికారి బృందాన్ని పంపుతారు. 2006 నాటి ఆహార భద్రత చట్టం 35వ సెక్షను కూడా, తమ దృష్టికి వచ్చిన విషాహార ఘటనలను తెలియజేయవలసిందిగా వైద్యులను ఆదేశించే అధికారాన్ని ఇచ్చింది. కానీ ఈ ఏర్పాటంతా ఎక్కడ మొదలవుతుంది? జబ్బుపడినవాడు నోరు తెరిచి నిజం చెప్పిన చోట.

బృందం వచ్చి అడిగే ప్రశ్నలు మనకు వింతగా తోస్తాయి. వారు రోగులనే కాదు, ఆరోగ్యంగా ఉన్నవారిని కూడా అడుగుతారు. “నాకేమీ కాలేదు కదా, నన్నెందుకు అడుగుతారు?” అని మనవాళ్ళు విసుక్కుంటారు. ఒక ఉదాహరణ ఊహించండి. విందుకు 200 మంది వచ్చారు, 64 మంది జబ్బుపడ్డారు. ఊరంతా బిర్యానీనే దోషిగా నిలబెట్టింది. లెక్క తీస్తే బిర్యానీ తిన్న 190 మందిలో 61 మందికి, తినని 10 మందిలో 3గురికి జబ్బు చేసింది. అంటే తిన్నా తినకున్నా నూటికి ముప్పై చొప్పునే. తర్వాత మలాయి వేసిన ఖుబానీ మీఠా సంగతి చూశారు. తిన్న 120 మందిలో 60 మంది, తినని 80 మందిలో 4గురు మాత్రమే జబ్బుపడ్డారు. నూటికి యాభై ఎక్కడ, ఐదు ఎక్కడ! బిర్యానీ వండిన బావర్చి నిరపరాధి అయ్యాడు. ఆరోగ్యంగా ఉన్నవారు మాట్లాడకపోయి ఉంటే ఆ పేదవాడిపై నింద జీవితాంతం ఉండిపోయేది. అనుమానాలకు దూరంగా ఉండమని, వార్త వచ్చినప్పుడు నిజానిజాలు తేల్చుకొమ్మని సూరహ్ అల్ హుజురాత్‌లో అల్లాహ్ ఇచ్చిన ఆదేశాలకు ఇంతకన్నా చక్కని ఆచరణ నాకు తోచదు. వాట్సప్‌లో బావర్చి ఫోటో తిప్పడం మాత్రం ఆచరణ కాదు, నిందే. చెప్పవలసింది ఆరోగ్య కేంద్రానికి, ఊరికి కాదు.

గంటల లెక్క కూడా ముఖ్యమే. తిన్న 1 నుంచి 6 గంటలలోపు వాంతులు మొదలైతే స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవి వదిలిన విషాన్ని అనుమానిస్తారు. సాల్మొనెల్లా అయితే సాధారణంగా 6 గంటల నుంచి 3 రోజులదాకా పట్టవచ్చు. అందుకే ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు మొదలైంది అని పదేపదే అడుగుతారు. మరొక మాట. మళ్ళీ వేడిచేస్తే ఏమీ కాదన్న నమ్మకం మన ఇళ్ళలో బలంగా ఉన్నది. వేడికి సూక్ష్మజీవి చచ్చినా, స్టెఫిలోకాకస్ వదిలిన విషం చావదు. గంటల తరబడి చల్లారిన అన్నంలో పుట్టే ఒక రకం విషమూ అంతే. వండినదాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగానైనా ఉంచాలి, 5 డిగ్రీలకు లోపు చల్లగానైనా ఉంచాలి. పెద్ద దేగ్‌లో మిగిలిన మాంసం నడిమధ్య చల్లారడానికి చాలా సమయం పడుతుంది. వెడల్పు పాత్రలలోకి పలుచగా తీసి చల్లార్చాలి. కలుషితాహారం వల్ల ప్రపంచంలో ఏటా 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారని, 4,20,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. ఆ మృతులలో 1,25,000 మంది ఐదేళ్ళలోపు పసివారు.

సోదరులారా! హజ్రత్ ఉమర్ (రజి) షామ్ ప్రయాణంలో సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, ముందున్న ప్రాంతంలో మహమ్మారి వ్యాపించిందని సేనానులు ఎదురువచ్చి తెలిపారు. ఆయన సహచరులను సంప్రదించి వెనుదిరిగారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక దైవనిర్ణయం నుంచి మరొక దైవనిర్ణయం వైపుకే వెళుతున్నామన్న భావంతో జవాబిచ్చారు. ఈ జవాబును మనం తరచుగా చెప్పుకుంటాము. దానికి ముందు జరిగిన చిన్న సంగతిని మరచిపోతాము. ఆ సేనానులు వార్తను దాచలేదు. దాచి ఉంటే ఖలీఫాతో పాటు ఎందరు సహాబాలు ఆ మహమ్మారిలోకి నడిచి వెళ్ళేవారో!

నా కొరకూ మీ కొరకూ అల్లాహ్ మన్నింపును వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి.

(రెండవ ఖుత్బా)

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త (స) పై దరూద్ పంపిన పిదప:

మరొక లెక్క గురించి క్లుప్తంగా చెబుతాను. ఆసుపత్రులలో చికిత్స కొరకు ఎదురుచూసేవారి జాబితా. ఇంగ్లాండులో ముందుగా నిర్ణయించే చికిత్స 18 వారాలలోపు మొదలు కావాలన్న నియమం ఉన్నది. వేచి ఉన్నవారి సంఖ్యను నెలనెలా ప్రకటిస్తారు. 2022లో అది 70 లక్షలు దాటింది. అంత పెద్ద సంఖ్య వారికి సిగ్గుచేటే కావచ్చు. అయినా లెక్కించారు గనుకనే నిలదీయగలుగుతున్నారు. మన దేశంలో అటువంటి నెలవారీ జాతీయ లెక్క లేదు. వరండాలో చాప పరచుకొని పడుకున్నవాడే మన జాబితా.

ఉన్న జాబితాలను కూడా మనం సిఫారసులతో పాడుచేస్తాము. మన రెండు రాష్ట్రాలలో అవయవమార్పిడికి జీవన్‌దాన్ పథకం క్రింద పేర్లు నమోదు చేస్తారు. మూత్రపిండం కొరకు డయాలిసిస్‌పై ఏళ్ళ తరబడి ఎదురుచూసే మనిషికి ఆ వరుసలోని తన స్థానమే ఆశ. ఇక శస్త్రచికిత్సకు గానీ స్కానింగ్‌కు గానీ “మనవాడు, కాస్త ముందుకు జరపండి” అని ఫోన్ చేయించేవారు మన జమాఅత్‌లోనే ఉన్నారు. ప్రాణాపాయంలో ఉన్నవానిని వైద్యుడు ముందుకు తీసుకోవడం న్యాయం. పలుకుబడి ముందుకు నెట్టడం వేరొకరి హక్కును కాజేయడం. దైవప్రవక్త (స) వద్దకు ఒకసారి పానీయం వచ్చింది. కుడివైపున ఒక బాలుడు, ఎడమవైపున పెద్దలు కూర్చుని ఉన్నారు. వంతు కుడివైపు వానిది. పెద్దలకు ముందు ఇవ్వడానికి వారు ఆ బాలుని అనుమతి అడిగారు. మీ చేతి నుంచి నాకు దక్కే భాగాన్ని ఎవరికీ వదులుకోలేనన్నాడు అబ్బాయి. పాత్రను ఆ బాలుని చేతికే ఇచ్చారు! వేరొక చోట చికిత్స చేయించుకున్నవారు, మరణించినవారి బంధువులు జాబితా నుంచి పేరు తీయించడం కూడా ఈ వంతు ధర్మంలోనిదే. చాలామందికి ఇది తట్టదు.

యా అల్లాహ్! ఆసుపత్రి వరుసలలో ఎదురుచూస్తున్న నీ దాసులకు స్వస్థత ప్రసాదించు. మా అన్నంలోని కీడు నుంచి మా పిల్లలను కాపాడు. మా మౌనం వల్ల నష్టపోయినవారి విషయంలో మమ్మల్ని క్షమించు. ఆమీన్.

నమాజు తర్వాత వంటగది బాధ్యులు, రానున్న వారాలలో ఇళ్ళలో దావత్ ఉన్న సోదరులు ఐదు నిమిషాలు ఆగవలసిందిగా కోరుతున్నాను. ప్రతి విందులోనూ ఒక్కొక్క వంటకం నుంచి కొద్దికొద్దిగా శుభ్రమైన డబ్బాలలో తీసి, తేదీ రాసి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచే పద్ధతిని ఈ వారం నుంచే మొదలుపెడుతున్నాము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఫోన్ నంబరు వజూఖానా గోడపై రాయించాము.