ఆకు రాలాక అడవి

వెల్దుర్తి చుట్టుపక్కల బడిపిల్లలకు అడవి కొత్తేం కాదు. మేకల వెంట తిరిగే పిల్లాడికి ఏ చెట్టు ఎక్కడుందో మాస్టారికన్నా బాగా తెలుసు. అయినా ఫాల్గుణంలో, ఎండలు ముదరకముందే, బడి తరఫున పిల్లల్ని నల్లమల అంచుకు తీసుకెళ్లాలంటాను.

నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. దేశంలోని పులుల రిజర్వుల్లో విస్తీర్ణంలో ఇదే పెద్దది. "పులిని చూపిస్తారా సార్?" అని పిల్లలు అడగనే అడుగుతారు. మాటివ్వకండి. జాడ దొరికితే మాత్రం చూపించండి. బాట మీద మెత్తటి దుమ్ములో అడుగు పడి ఉంటే వంగి చూడమనండి. వెనక వెడల్పాటి అరికాలు, ముందు నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు ఉండవు. పులీ చిరుతా నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. కుక్కదో దుమ్ములగొండిదో అయితే వేళ్ల ముందు గోటి గాట్లు కనబడతాయి. అడుగు తాజాగా ఉందంటే ఇక ముందుకు వెళ్లొద్దు.

ఫాల్గుణంలో ఆకులెందుకు రాలతాయి? చెట్టు వేళ్లతో పీల్చిన నీటిలో చాలాభాగం ఆకుల్లోంచి ఆవిరైపోతుంది. నేలలో తడి తగ్గేసరికి చెట్టు ఆకుల్ని వదిలించుకుని ఉన్న నీళ్లు దాచుకుంటుంది. మోదుగ పూసేది సరిగ్గా అప్పుడే. ఆకుల అడ్డు లేదు గనక ఆ ఎరుపు గోరింకలకీ తేనెపిట్టలకీ దూరం నుంచే కనబడుతుంది. తేనె కోసం ముక్కు దూర్చిన పిట్ట పుప్పొడి అంటించుకుని ఇంకో పువ్వు మీద వాలుతుంది. ఇప్పపువ్వు దారి వేరు. రాత్రిపూట విచ్చుకుని గబ్బిలాలను పిలుస్తుంది. తెల్లారేసరికి ఆ తియ్యటి పూలు నేలంతా రాలి ఉంటాయి. వాటి కోసం ఎలుగుబంటి వస్తుంది! అందుకే పొద్దున్నే ఇప్పచెట్ల కిందికి పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు.

ఇవన్నీ చెప్పడానికి ఈ అడవిలో ఉండే చెంచుల్ని మించిన గురువులు లేరు. అటవీశాఖ కాపలా పనిలో వాళ్లు చాలామందే ఉన్నారు. తోడు పంపమని అడగండి. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మనం, మాస్టార్లం, కాస్త నోరు కట్టేసుకుంటే మంచిది.

వెళ్లేముందు రేంజి ఆఫీసులో అనుమతి తీసుకోండి. పులిహోర ఇంటి దగ్గరే కలిపి డబ్బాల్లో సర్దుకోండి. ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడినా గుట్టంతా అంటుకుంటుంది కాబట్టి అక్కడ పొయ్యి పెట్టొద్దు. ఎండెక్కకముందే తిరుగుముఖం పట్టండి.