మొండికెత్తిన ఇంజను
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండితులు ప్రసంగించిన పిమ్మట ట్రాక్టరును గూర్చి మాటాడుటకు లేచితిని. నవ్వకుడు. ఇంజను కదలుట ఎంతటి పనియో ఉద్దానమువారికి తిత్లీ తుపాను నేర్పినది. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను అది పలాస సమీపమున తీరము దాటెను. కొబ్బరి, జీడి, పనస చెట్లు నేలకొరిగినవి. స్తంభములు కూలి విద్యుత్తు నిలిచినది. దారికడ్డముగ పడిన మ్రాకులను లాగుటకును, నీరు తోడుటకును డీజిలు ఇంజనే దిక్కయ్యెను.

ఆ వేళనే మా పాత ట్రాక్టరు మొండికెత్తెను. అంతకు కొలది దినముల ముందే లైనర్లు, పిస్టనులు, రింగులు మార్చి, ఇంజనును మేమే బిగించియుంటిమి. సెల్ఫు కొట్టిన తిరుగును గాని అందుకొనదు. ఒకరు బ్యాటరీ మార్చుమనిరి. ఒకరు నాజిలులు చెడినవనిరి. వేరొకరు ఇంజను మరల విప్పుమనిరి. మరియొక ట్రాక్టరుకు కట్టి పొలిమేరవరకు లాగించితిమి. ఫలము లేదు. రెండు దినములు గడచినవి. పడిన చెట్లు పడినట్లే యున్నవి.

మూడవనాడు వచ్చిన వృద్ధ మెకానిక్కు స్పానరు ముట్టలేదు. “సెల్ఫు కొట్టు బాబూ, సైలెన్సరు చూతము” అనెను. తెల్లని పొగయు, పచ్చి డీజిలు వాసనయు వచ్చినవి. అప్పుడాయన బోధించినది చెప్పెదను.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని సుమారు పదునారవ వంతునకు అణచును. అట్లు కాగిన గాలియే, ఆ క్షణమున చిమ్మిన డీజిలును మండించును. కావున చూడవలసినవి మూడు: కంప్రెషను, డీజిలు, సమయము.

సైలెన్సరునుండి పొగయే రాకున్న డీజిలు అందుట లేదన్నమాట. టాంకి కుళాయి, ఫిల్టరు చూచి గాలి తీయవలెను. ఫిల్టరు మరను, పిదప పంపు మరను సడలించి, బుడగలు ఆగువరకు చేతిపంపు కొట్టి బిగింపవలెను. నాజిలు చిమ్ము ధారకెదురుగ చేయి పెట్టరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోవును. తెల్లని పొగ వచ్చినచో డీజిలు అందుచున్నది, మండుట లేదు. అప్పుడు కంప్రెషనును, సమయమును చూడవలెను.

మాది సమయపు తప్పు. మొదటి పిస్టను, క్రాంకు రెండు చుట్లు తిరుగునంతలో రెండుమారులు పైకి వచ్చును: ఒకమారు గాలి నణచుటకు, ఒకమారు పొగ వెడలగొట్టుటకు. ఫ్లైవీలు గుర్తు రెంటికిని ఒక్కటే. దానినే నమ్మి, పొగ వెడలు వేళకు పంపును అమర్చియుంటిమి. వాల్వు మూత తీసి చూచిన తెలిసెడిది: గాలి నణచినప్పుడు ఆ సిలిండరు వాల్వులు రెండును మూసికొని, రాకర్లు కొంచెము కదలాడును. పంపును విడదీసి, క్రాంకు నొక చుట్టు త్రిప్పి, మరల బిగించితిమి. ఇంజను అందుకొనెను.

విప్పుటకు ముందే ఏ గుర్తు దేనికెదురుగ నున్నదో వ్రాసికొనియుండిన ఆ రెండు దినములు దక్కెడివి. కావున నా మనవి యొక్కటే. మన గ్రంథాలయమున పురాణముల చెంత ఒక నోటుపుస్తకము నుంచుడు. ఇంజను విప్పిన ప్రతివాడును తాను చూచిన గుర్తులను, చేసిన తప్పును అందు వ్రాయవలెను. తుపాను మరల వచ్చును. ఆనాటికి నాలుగు పుటలైనను నిండియుండవలెనని కోరుచు సెలవు గైకొనుచున్నాను.