లాటరీలో పేరు రాని పిల్లలు

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 పల్లెలతో ఒక విద్యా పరిశోధన మొదలైంది. పిల్లల్ని ప్రైవేటు బడికి పంపాలనుకున్న తల్లిదండ్రులు దరఖాస్తులు పెట్టుకున్నారు. లాటరీ తీసి 90 ఊళ్లను ఎంచారు. ఆ ఊళ్లలో మళ్లీ లాటరీ వేసి, పేరు వచ్చిన పిల్లలకు ఫీజులు కట్టారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో పేరు వచ్చిన పిల్లలకూ, రాని పిల్లలకూ మధ్య తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి అవకాశం దక్కినవాళ్లు మెరుగయ్యారు. ప్రభుత్వాలకు ఇది ఎంతో విలువైన సమాచారం.

మరి పేరు రాని పిల్లలు? వాళ్లు లేకపోతే పోల్చి చూడటానికే వీల్లేదు. డబ్బు అందరికీ చాలనప్పుడు సిఫారసు కంటే లాటరీయే న్యాయమని నేనూ ఒప్పుకుంటాను. అయినా, ఆశపడ్డ పిల్లలకు ఏమీ ఇవ్వకుండా పరీక్షలు మాత్రం పెట్టడం నన్ను కలచివేస్తుంది.

రేపు మన చందర్లపాడు బడికి అలాంటి పరిశోధక బృందమే వస్తే, హెడ్మాస్టరు సరేనంటే చాలదు. మిరపకోతకు వెళ్లిన తల్లి ఇంటికొచ్చేదాకా ఆగాలి. అనుమతి కాగితంలో ఉన్నది చదివి వినిపించాలి. వద్దన్నా బిడ్డకు బడిలో ఏ లోటూ రాదని నమ్మకంగా చెప్పాలి. చివరికి ఏం తేలిందో ఆ తల్లికీ తెలుగులో చెప్పి వెళ్లాలి.