గట్టు దిగిన బండి

కోనసీమ యనగానే పడవయు, పంటును, కొబ్బరితోటయు మనస్సునకు వచ్చును గాని జీపుబండి రాదు. కొండ లేని సీమలో, అడుగడుగున కాలువ అడ్డము వచ్చు సీమలో, తారురోడ్డు విడిచి బండి నడుపుట యేమి వేడుక యని పెద్దలు నవ్వవచ్చును. అయినను నాలుగు చక్రముల బలముగల బండ్లు కలవారు కొందరు జట్టుగా కూడి, సెలవునాడు భార్యాబిడ్డలతో మట్టిబాటలు వెదకికొని పోవుట నేడు పలుచోట్ల కానవచ్చుచున్నది. ఈ వేడుకను గూర్చి నాలుగు మాటలు చెప్పుకొందము.

ఇట్టి బండ్లకు మూలపురుషుడు జీపు. రెండవ ప్రపంచయుద్ధకాలమున 1941 నుండి అమెరికాలో విల్లీస్ మొదలగు కంపెనీలు సైన్యముకొరకు దీనిని వేల సంఖ్యలో తయారుచేసినవి. మన దేశమున మహీంద్రావారు 1947లో జీపులు కూర్చుటకు ఆరంభించిరి. సామాన్యమైన కారులో ఇంజను బలము రెండు చక్రములకే అందును. ఆ రెండును బురదలో జారినచో బండి కదలదు. జీపులో ఆ బలము నాలుగు చక్రములకును అందును గనుక, వెనుకచక్రములు జారినను ముందుచక్రములు లాగును. దానికితోడు వేగము తగ్గించి బలము పెంచు చిన్న గేరు కలదు. దానిని వేసి బండిని నడకవేగమున పోనిచ్చుటయే ఈ విద్యకు ప్రధానసూత్రము. ఈ పనిలో తొందరకు తావు లేదు. కనుకనే పిల్లలతోను, వృద్ధులతోను పోదగిన వేడుక ఇది.

కోనసీమలో కొండ లేకున్నను నేల మూడు విధముల పరీక్ష పెట్టును. గోదావరిపాయల నడుమనున్న లంకలలో ఒండ్రును ఇసుకయు. పొలములమధ్య చక్రమునకు అంటుకొని వదలని బంకమన్ను. రాజోలు సీమ దాటి అంతర్వేదివైపు పోయినచో సముద్రపు టిసుక. ఇసుకలో టైరు గాలి తగ్గింపవలెను. ముప్పది పౌనులున్న గాలిని ఇరువదికి దింపినచో టైరు వెడల్పుగా పరచుకొని దిగబడకుండును. తిరిగి రోడ్డెక్కిన వెంటనే గాలి నింపుకొనుట మరువరాదు. బంకమన్నులో నైతే వాన వెలిసిన మరునాడు దిగకుండుటయే ఉత్తమము.

గడచిన మాఘమాసమున నాలుగు బండ్లవారితో కలిసి మేమును కుటుంబసమేతముగా కొత్తపేట ప్రాంతమున ఏటిగట్టు దిగి లంకబాట పట్టితిమి. జట్టుకు ఒక నియమము కలదు. ప్రతి బండివాడును తన వెనుకబండి అద్దములో కనబడునంతవరకే ముందునకు సాగవలెను. అది కనబడనిచో ఆగవలెను. ఈ నియమమువలన ముందున్నవాడు వెనుకనున్నవానిని విడిచిపోవుట యుండదు. అరటితోటల ప్రక్కన నీడలో చద్దిమూటలు విప్పితిమి. పిల్లలు ఇసుకలో ఆడిరి. అంతయు చక్కగా జరిగినది.

తిరుగుప్రయాణమునకు పొద్దు వాలినది. మేము దిగివచ్చిన ర్యాంపు మైలు దూరమున నున్నది. ఎదుటనే గట్టు వాలు పచ్చగడ్డితో నున్నగా కనబడుచున్నది. “ఇటే ఎక్కుదాము” అని పిల్లలు కేకలు వేసిరి. ముందుబండి పెద్దాయనకును ఉబలాటము కలిగినది. ప్రక్కన గడ్డిమోపు కట్టుకొనుచున్న రైతును “ఏమండీ, ఇటు ఎక్కవచ్చునా?” అని అడిగిరి.

“ఆయ్, ఎక్కొచ్చండి. మీ బండికి అదో లెక్కేంటండి? మీరెళ్లిపోతారండి, చక్రాల గాడి మాత్రం ఇక్కడే ఉండిపోద్దండి. రేపు వానకి అందులోంచే మట్టి జారుద్దండి. గోదారొచ్చినప్పుడు నీరు అక్కడే చూసుకుంటదండి. ర్యాంపు ఎంతో దూరం లేదండి బాబూ” అని ఆయన మరల మోపు కట్టుకొనసాగెను.

మా బండ్లు వెనుదిరిగి ర్యాంపునకు పోయినవి. “మన బండి ఎక్కలేదా?” అని మా చిన్నపిల్ల అడిగినది. “ఎక్కగలదమ్మా. కాని ఆ గట్టు వారి ఊరిని కాపాడుచున్నది” అని చెప్పితిమి.

ఆ రైతు మాట అతిశయోక్తి కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులు దాటినపుడు ఏటిగట్లకు అనేకచోట్ల గండ్లు పడినవి. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినపుడు గట్టు ప్రక్కన గ్రామములవారు రేయింబవళ్లు కాపలా కాచిరి. గట్టునకు గడ్డియే కవచము. చక్రము ఆ గడ్డిని చీల్చినచో వాననీరు గాడివెంట పారి మట్టిని కోయును. మనకు గడియసేపు వినోదము; వారికి వరదకాలపు బెంగ.

మరి బాట విడిచి నడచుటయే తప్పా? కాదు. అందుకు కోనసీమలోనే గొప్ప నిదర్శనము కలదు. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశరుద్రుల ప్రభలతీర్థము జరుగును. చుట్టుప్రక్కల గ్రామములనుండి ప్రభలను భుజములపై నెత్తుకొని జనులు చేలకడ్డముగా వత్తురు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు కౌశికను దాటి వచ్చును. పంట త్రొక్కుడుపడినను రైతు చింతింపడు, శుభమని తలచును. 2023 జనవరి 26న ఢిల్లీ గణతంత్రదినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటము చూపినది ఈ తీర్థమునే. అచ్చట చేనుగలవాడు సమ్మతించినాడు, ఉత్సవము అతనిది కూడ. మన బండికి అట్టి సమ్మతి తనంతట రాదు, అడిగి పొందవలెను.

అడుగుటకు నోరులేని ప్రాణులును కలవు. జనవరి మొదలు వేసవి తొలినాళ్లవరకు మన తీరమున ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టి పోవును. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టము వానికి రక్షణ నిచ్చినది. సుమారు 50 దినములకు పిల్లలు వెలువడి సముద్రమువైపు ప్రాకును. చక్రమువలన ఇసుక గట్టిపడినచో అవి పైకి రాజాలవు; గాడిలో పడినచో నీటిని చేరజాలవు. కావున ఇసుకతీరమునకు బండి దింపక, సరుగుడుతోటల కీవల నిలిపి పిల్లల చేయి పట్టుకొని నడచిపోవుట మేలు.

కుటుంబముతో పోవువారికి మరి కొన్ని జాగ్రత్తలు. ఒంటరిబండితో పోరాదు. పిల్లలను వెనుక సీటులో బెల్టు కట్టి కూర్చుండబెట్టవలెను. దిగబడిన బండిని త్రాటితో లాగునపుడు అందరును దూరముగా నిలువవలెను. త్రాడు తెగినచో కొరడావలె కొట్టును. ఎంత లోతో తెలియని నీటిలో బండి దింపరాదు. త్రాగునీరు, గాలిపంపు, పార తప్పక ఉండవలెను. చీకటి పడకముందే రోడ్డెక్కవలెను. చద్దిమూటల ఆకులు, కాగితములు తిరిగి బండిలోనే తెచ్చుకొనవలెను.

మైలు దూరము వెనుకకు పోయి ర్యాంపు ఎక్కినందున ఆనాడు మాకు అరగంట ఆలస్యమైనది. ఈ శీతకాలమున మరల ఆ లంకకు పోదలచినాము. ఆ రైతు ఎదురైనచో తల ఎత్తుకొని పలుకరింపగలము.